భుజాలు చూసే మాస్టారు

లింగసుగూరులో మొన్నామధ్య బడిపిల్లల సంగీత పోటీ పెట్టి, నన్ను కూడా ఒక జడ్జిగా కూర్చోబెట్టారు. పదేళ్ళ పిల్ల ఒకతె కీబోర్డు వాయిస్తోంది. మెత్తగా వాయించాల్సిన చోట ముందుకు ఒంగింది. గట్టి స్వరాలు రాబోతున్నాయనగా ఊపిరి తీసుకుని నడుము నిలబెట్టింది. పక్కన కూర్చున్న జడ్జిగారు నా వైపు ఒరిగి, "సంగీతం తక్కువ, యాక్షన్ ఎక్కువ. రెండు మార్కులు కోసేద్దామండీ," అన్నారు.

"ఆ పిల్ల యాక్షన్ చెయ్యడం లేదండీ," అన్నాను.

"మీకెలా తెలుసు?"

ఎలా తెలుసో చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన నిరుడు వానాకాలంలో రాయచూరులో పోయారు. పోటీ మధ్యలో చెప్పే సంగతి కాదు కాబట్టి అక్కడ ఊరుకున్నాను. మార్కులు మాత్రం కొయ్యనివ్వలేదు.

మాది సింధనూరు పక్కన ఒక క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చాక వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన మా తాతల్లాంటివాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. డిగ్రీకి రాయచూరు వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని. కీబోర్డు మీద సినిమా పాటలు వాయించడం చిన్నప్పటి నుంచీ వచ్చు. లింగసుగూరులో ఒక ప్రైవేటు బడివాళ్ళు, పియానో గ్రేడ్ పరీక్ష ప్యాసై సర్టిఫికెట్ తెస్తే సంగీతం టీచరుగా తీసుకుంటామన్నారు. మా ఇంట్లో ఆ ఏడే నా పెళ్ళి మాటలు మొదలయ్యాయి. ఉద్యోగం వస్తే ఆ మాటలు ఆగుతాయి, రాకపోతే ఆగవు. నాకు తెలిసిందల్లా అంతే.

పాత పత్తి జిన్నింగ్ మిల్లు వెనక లైను ఇళ్ళలో పియానో నేర్పే ఆయన ఒకరున్నారని విని వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు తీసి, నేను నోరు తెరిచే లోపలే ఆయన అడిగారు.

"ఏ భాషల చెప్తవ్? తెలుగా, కన్నడమా, ఉర్దూనా?"

వీధి చివరిదాకా వినపడే గొంతు. ముప్పై ఏళ్ళు మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి, యంత్రాల హోరులో అరిచి అరిచి అలా అయివుంటుందనుకున్నాను. గుమ్మంలోనే భాష అడగడం, తర్వాత వెళ్ళినప్పుడల్లా అడగడం కూడా, మర్యాద అనుకున్నాను. ఈ ఊళ్ళో మూడు భాషలూ అందరి నోళ్ళలోనూ తిరుగుతాయి కదా.

"తెలుగేనండి, మాస్టారూ."

ఆయన నా నోటికేసి చూసి నవ్వారు. "మాస్టారు అంటే నాటకంల రాజును పిల్చినట్టుంది. క్యాంపు పిల్లవా? రా బిడ్డా, లోపలికి రా. చెప్పులు ఆడ ఇడువు."

లోపల సగం గది పియానోదే. మిల్లు సేఠ్ బంగళాలోదట అది. కాలితో తొక్కే పెడల్ కిర్రుమంటోందని, నూనె వెయ్యడానికి ఈ కొత్త ఫిట్టరుని పిలిపించారు. నూనె వేసి వెళ్ళకుండా నిలబడి చూస్తున్నవాణ్ణి సేఠ్‌గారి తల్లి, ఆ ముసలావిడ, కూర్చోబెట్టి నేర్పించింది. వాళ్ళు మిల్లు మూసేసి బొంబాయి వెళ్ళిపోతూ, అక్కడి ఫ్లాటు మెట్లు ఎక్కదని పియానోని ఈయనకు వదిలేశారు. ఆయన తన గురించి నాకు చెప్పింది ఇంతకు మించి లేదు. నేనూ ఎక్కువ అడగలేదు. ఆయనతో ఎవరూ ఎక్కువ అడగలేరు. ప్రశ్న ఆయనే వేసి, జవాబూ ఆయనే చెప్పేసేవారు.

మొదటి రెండు వారాలూ నన్ను పియానో మెట్లు ముట్టుకోనివ్వలేదు. నా చెయ్యి మోచేతి దగ్గర పట్టుకుని పైకెత్తి, కింద తన అరచెయ్యి పెట్టి, "ఇడువు," అనేవారు. వదిలేదాన్ని.

"ఇడ్వలే. సగం నీ దగ్గర్నే పెట్టుకున్నవ్. బరువు మొత్తం నాకియ్యి."

మళ్ళీ వదిలేదాన్ని.

"ఏంది బిడ్డా, నీ చెయ్యి నాకు ఇయ్యనీకి గింత పిసినారితనమా?"

మూడో వారం ఒక పొద్దున నన్ను గంజ్‌కి, అదే పత్తి మార్కెట్ యార్డుకి, తీసుకెళ్ళారు. లారీ మీంచి హమాలీలు పత్తి బోరాలు దింపుతున్నారు. మనిషికన్నా పెద్ద బోరాలు. "వాని నెత్తి చూడకు. నడుము చూడు," అన్నారు. చూశాను. బోరా నేలకు తగలడానికి చాలా ముందే ఆ హమాలీ నడుము కిందికి దిగుతోంది, మోకాళ్ళు ఒంగుతున్నాయి, భుజం చివరన ఒరుగుతోంది. అంత బోరా నేలను తాకినప్పుడు చప్పుడే రాలేదు. పక్కనే ఇంకొకడు, కొత్తవాడేమో, దబ్బున పడేశాడు.

"చూస్తివా? మెత్తగ దించాలంటే బలం తక్కువ గాదు, ఎక్కువ గావాలె. మొదలు ఒళ్ళు దిగాలె, ఎనక మూట దిగాలె. చప్పుడు ఎట్లొస్తదో ఒళ్ళు ముందుగాల్నే చెప్తది."

ఆ రోజు నుంచి నా వేళ్ళు మారాయి. నిజానికి వేళ్ళు కాదు, వేళ్ళ వెనక ఉన్నదంతా మారింది.

ఆయన ఎప్పుడూ నా పక్కన కూర్చునేవారు కాదు. మిల్లునుంచి తెచ్చుకున్న పొట్టి ఇనప స్టూలు ఒకటుంది. దాన్ని పియానోకి ఆ చివర, నా భుజాలు, మెడ, గొంతు కనిపించే చోట వేసుకుని, ఎడమ అరచెయ్యి పియానో చెక్కకి ఆనించి పెట్టేవారు. రెప్ప కూడా వేసేవారు కాదేమో అనిపించేది. పిల్లలు ఊరికే ఊగితే ఆయనకు మహా కోపం. "సుమ్నే ఊగకు! ఊగుడు వేరే, వంగుడు వేరే. గాలి వస్తే చెట్టు ఊగుతది. గాలి లేకుండ ఊగితే దయ్యం పట్టిందంటరు." అదే పిల్లవాడు మెత్తని స్వరం దగ్గర తెలియకుండానే ముందుకు ఒంగితే, చంటిబిడ్డ గుసగుస వినడానికి దగ్గరికి పోయినట్టు ఒంగితే, ఆయన ముఖం వెలిగిపోయేది. "హా! బరాబర్! గిప్పుడు ఇంటున్నడు వీడు."

తను వాయించడం అరుదు. వాయించినప్పుడు మెట్ల మీద వేలు పడకముందే ఆ స్వరం ఎంత పెద్దదో గదిలో అందరికీ తెలిసిపోయేది, ఆ బక్క వీపులో కనిపించేది. ఆఖరి స్వరం తర్వాత చేతులు గాలిలోనే ఉండిపోయేవి. అవి కిందికి దిగేదాకా పిల్లలెవరూ కదిలేవారు కాదు.

పరీక్షకు నెల ఉందనగా నాకు అనుమానం మొదలైంది.

పియానో మధ్యలో ఒక మెట్టు శ్రుతి తప్పింది. కొద్దిగా కాదు. నొక్కితే రేకు డబ్బా మీద కొట్టినట్టు మోగుతోంది, పళ్ళు పులిసినట్టయ్యేది నాకు. ఆ పియానోకి శ్రుతి చేసుకునేది ఆయనే. మిల్లులో తనే చేసుకున్న తాళంచెవి లాంటి పానా ఒకటి గోడకి వేలాడుతూ ఉంటుంది. ఇవాళ చేస్తారు, రేపు చేస్తారు అని చూశాను. వారమైనా చెయ్యలేదు. ఒక రోజు సరిగ్గా ఆ మెట్టు మీదుగా పదిసార్లు వెళ్ళే వరస వాయించాను. నా చెవులు నేనే మూసుకోవాలనిపించింది. ఆయన తల ఊపి, "మస్తుగొచ్చింది ఇయ్యాల," అన్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య ఒక్కసారి కళ్ళు దించుకుంది. ఆవిడ ఎప్పుడూ ఆ గుమ్మంలోనే ఉండేది. ఎవరైనా వచ్చి మాట్లాడితే, ఆ మాటనే పెదవులు కదిపి మళ్ళీ అనేది. "పరీక్ష ఎప్పుడని అడుగుతున్నరు," "ఐతారం రానంటున్నడు." ఆవిడకు అలవాటు అనుకునేదాన్ని. ఆ రోజు హాస్టల్‌కి నడుస్తూ అవన్నీ ఒకటొకటే కలుపుకున్నాను. గుమ్మంలో భాష అడగడం. ఆ అరుపు. చెక్క మీద అరచెయ్యి. నా నోటికేసి చూసే చూపు.

చెవులు వినపడని మనిషి దగ్గర నేను పరీక్షకు తయారవుతున్నానా? ఇన్నాళ్ళూ ఆయన బాగుందన్నదంతా ఏమిటి? హైదరాబాదులో పరీక్ష పెట్టేవాళ్ళకి చెవులుంటాయి.

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. మర్నాడు నా కీబోర్డు మోసుకెళ్ళాను. "ఆ మెట్టు బాగాలేదు మాస్టారూ, ఈ ఒక్క రోజుకీ దీని మీద వాయిస్తాను," అన్నాను. సరే అన్నారు. బల్ల మీద పెట్టి, వైరు తగిలించి, చప్పుడు పెంచే మీట పూర్తిగా కిందికి లాగేశాను. ఎర్ర దీపం వెలుగుతోంది. చప్పుడు మాత్రం చుక్క రాదు.

పరీక్షకిచ్చిన మూడు పాఠాల్లో రెండోది, నెమ్మదిగా సాగేది, మొదలుపెట్టాను. గదిలో వేళ్ళ కింద ప్లాస్టిక్ టకటక తప్ప ఏమీ లేదు. ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. మొదటి పేజీ అయింది. ఆయన ఏమీ అనలేదు. ఇంత నిశ్శబ్దం ఎందుకొచ్చిందోనని కాబోలు ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. కీబోర్డుని చూసింది, నన్ను చూసింది. ఆవిడకు అర్థమైపోయింది. చెయ్యెత్తి ఆయనకు ఏదో సైగ చెయ్యబోయి, ఎందుకో మానుకుని, ఆ చెయ్యి నోటి మీద పెట్టుకుంది. నాకు ఆపాలనిపించింది. ఆపలేదు. రెండో పేజీకి వెళ్ళాను.

"ఆపు," అన్నారు.

ఆపాను.

"ఇనకుండ వాయిస్తున్నవ్."

"ఏమిటి మాస్టారూ?"

"గట్టి సురం కొట్టినంక నీ ఒళ్ళు ఆగలే. ఇనేటోడు ఆగుతడు. ఎంతొచ్చిందో చూసుకొని ముంగలికి పోతడు. మెల్లగ వచ్చేకాడ నీ మెడ దినాం ముంగలికి వస్తది. ఇయ్యాల రాలే. లేని చప్పుడు దగ్గరికి పోయి ఎవలు ఇంటరు?" లేచి వచ్చి, కీబోర్డు మీద ఒంగి, ఆ మీటని వెతికి పట్టుకుని పైకి తోశారు. "గిప్పుడు వాయించు."

నేను కదల్లేదు. ఆయన నా ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డారు. మొదటిసారి ఆయన గొంతు చిన్నదైంది. ఎంత చిన్నదైందో ఆయనకు తెలుసో లేదో మరి.

"మూడేండ్లాయె బిడ్డా. మొదలు కుడి చెవి పోయింది, ఎనక ఇదీ పోయింది. మిల్లుల ఆ చప్పుట్ల ఎవడు ఎవన్ది ఇన్నడు? నోరు చూసి మాటలు తెలుసుకునుడు అప్పట్నే వచ్చు. గా విద్యతోని నడుపుతున్న. పిల్లల తల్లిదండ్రులకు తెలిస్తే ఒక్కరు పంపరు. నువ్వు ఎవలికి చెప్పుకుంటవో చెప్పుకో. గనీ ఒక్క మాట చెప్పు, నేను నీకు గలత్ నేర్పిన్నా?"

లేదన్నట్టు తల ఊపాను. నిజంగానే లేదు. ఏ చోట నేను మోసం చేశానో ఆ చోటే చూపించారాయన.

మర్నాడు గోడ మీది పానా తీశారు. "ఏ మెట్టు? చూపియ్యి." చూపించాను. పియానో మూత తీసి, సైకిల్ ట్యూబు ముక్కలు తీగల మధ్య దూర్చి, ఒక్క తీగే మోగేలా చేశారు. నన్ను ఎదురుగా నిలబెట్టి ఆ మెట్టు నొక్కమన్నారు. పానా మెల్లగా తిప్పుతున్నారు, కళ్ళు మాత్రం నా ముఖం మీద.

"కొంచెం పైకి..." అనబోయాను.

"నోరు మూస్కో. మాటలు చెప్తే నాకేం తెలుస్తది? నీ మొహం ఉంది గద, చాలు."

తీగ దగ్గరవుతున్న కొద్దీ నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. కుదిరిన క్షణాన ఆయన చెయ్యి ఆగింది. "నీ కనుబొమ్మలు దిగినయ్. కుదిరింది." కుదిరింది మరి. అలా రెండు రోజులు పట్టి, నా ముఖం చూసి పియానో మొత్తం శ్రుతి చేశారు. ఆయన భార్య ఆ రెండు రోజులూ నాకు జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. కీబోర్డు తీసుకెళ్ళిన ఆ సాయంత్రం హాస్టల్లో అన్నం తింటూ, నా మనసు ఆగక, రూమ్మేట్‌తో అంతా చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ అమ్మాయి ఎరువుల దుకాణం ఆయన పిల్లలిద్దరికీ లెక్కల ట్యూషన్ చెప్పేది. ఆ పిల్లలిద్దరూ పియానోకి మాస్టారి దగ్గరికే వచ్చేవారు.

పరీక్షకు ఐదు రోజులుందనగా, నేను పాఠంలో ఉండగా, వాళ్ళ నాన్న వచ్చాడు. పిల్లలు లేరు. చెప్పులు విడిచి, గుమ్మంలో మాస్టారు అడిగిన భాష ప్రశ్నకు "తెలుగే సార్" అని, కూర్చోకుండా జేబులోంచి ఫోన్ తీశాడు. కోపంగా లేడు. భయపడుతున్నట్టున్నాడు.

"సార్, మా ఇద్దరు పిల్లలు వాయించింది రికార్డు చేసిన. ఒకటే పాఠం. ఇండ్ల పిల్లది ఏది, పిల్లగానిది ఏది, జరా చెప్తరా?"

ఫోన్‌ని పియానో మూత మీద పెట్టి నొక్కాడు. అది మోగడం మొదలైంది.

మాస్టారు ఫోన్‌కేసి చూశారు. నున్నటి నల్లటి గాజు. అందులో భుజాలు లేవు, మెడ లేదు. ఆయన అరచెయ్యి మెల్లగా పియానో చెక్క మీదికి జారింది. అంత చిన్న ఫోన్‌కి ఆ చెక్క ఏం అదురుతుంది? తర్వాత ఆయన కళ్ళెత్తి నా ముఖం చూశారు.

అది పిల్ల వాయించింది. ప్రతి వరస చివరా తొందరపడేది ఆ పిల్లే. నాకు తెలుసు. నేను చిన్నగా పెదవి కదిపితే చాలు. మునుపు ఒక్క కనుబొమ్మకే తీగ శ్రుతిలోకి వచ్చిన ముఖం నాది. కానీ ఆ తండ్రి కూడా నన్నే చూస్తున్నాడు. నీ దగ్గరి నుంచే కదా వచ్చింది ఈ మాట అంటాడేమో అనిపించింది. చెవిటాయన దగ్గర నేర్చుకుందట అని లింగసుగూరు బడిదాకా పోతుందేమో అనిపించింది. ఇంట్లో మా అమ్మ ఎవరో పెళ్ళికొడుకు ఫోటో పట్టుకుని కూర్చున్నట్టు కనిపించింది.

తల దించుకున్నాను.

రెండో రికార్డు కూడా మోగి ఆగిపోయింది. మాస్టారు ఒకసారి దగ్గి, నవ్వు తెచ్చుకున్నారు. "ఫోన్‌ల భుజం కనపడదు గద, ఎట్ల చెప్పాలె?"

ఆ తండ్రి నవ్వలేదు. "అంటే?"

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య ఒక అడుగు ముందుకు వేసింది. మాస్టారు చెయ్యి అడ్డంగా పెట్టి ఆవిణ్ణి ఆపారు.

"నాకు ఇనపడ్తలేదు. మూడేండ్ల సంది."

ఆ తండ్రి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "మూడేండ్ల సంది... మరి మా పిల్లలకు ఏం నేర్పుతున్నరు సార్?"

"పిల్లల్ని తీస్కరా. వాయించమను. నువ్వు ఇను, నేను చూస్త. ఏడేడ తప్పు పోయిండ్రో నేను చెప్త. ఒక్కటి గలత్ చెప్పినా అప్పుడు నువ్వేమన్నా అను."

"అంత దూరం ఎందుకు సార్." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మీరు పెద్దమనుషులు. ముందుగాల్నే చెప్పుంటే అయిపోయేది." చెప్పులు తొడుక్కుంటూ ఇంకొకసారి ఇటు తిరిగి ఏదో అన్నాడు. తల ఒంచి అన్నాడు, మాస్టారికి అందలేదు. అతను అన్నది "పాపం" అని.

ఆ వారం వసారాలో చెప్పులు ఒక్కొక్క జతే తగ్గాయి. కొందరు జ్వరమన్నారు, కొందరు పరీక్షలన్నారు, కొందరు చెప్పా పెట్టకుండా మానేశారు. శనివారానికి నా చెప్పులు మాత్రమే మిగిలాయి. మాస్టారు నన్ను ఏమీ అనలేదు. స్టూలు మీద కూర్చుని, అరచెయ్యి చెక్క మీద పెట్టి, "కానియ్యి," అన్నారు. నేను తల దించుకున్న సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా భుజాలు చెవులదాకా బిగుసుకుపోయేవి. "దించు," అనేవారు. దించేదాన్ని. మళ్ళీ లేచేవి. "ఏంది బిడ్డా, ఏం మోస్తున్నవ్?" అన్నారొకసారి. పరీక్ష భయమండి అన్నాను.

హైదరాబాదులో పరీక్ష గదిలో అద్దంలా మెరిసే పెద్ద పియానో, దాని వెనక బల్ల దగ్గర ఒకావిడ. మొదటి పాఠం వేళ్ళు గడ్డకట్టి వాయించాను. ఆవిడ తలెత్తకుండా రాసుకుంటూనే ఉంది. రెండోది మొదలుపెట్టబోతూ చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నాను. మొదలుపెట్టమని ఆవిడ చూస్తోంది. నేను హమాలీ నడుము తలుచుకున్నాను. ముందు ఊపిరి దింపాను, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు. మొదటి స్వరం ఎంత మెత్తగా పడిందంటే, నాకే దగ్గరికెళ్ళి వినాలనిపించింది. ఒంగి విన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

ప్యాసవుతానని బయటికి వస్తుంటేనే తెలిసింది. బస్సులో రాయచూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే మిఠాయి డబ్బాతో వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మాస్టారు పియానో కింద మోకాళ్ళ మీద కూర్చుని పెడల్‌కి నూనె వేస్తున్నారు. వీపు నా వైపు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు. అలా నిలబడి ఆ వీపుతో చెప్పేశాను.

"మాస్టారూ, మీ సంగతి బయటపెట్టింది నేనేనండి. మా రూమ్మేట్‌తో చెప్పాను. దాని నుంచి ఎరువుల దుకాణం ఆయనకి చేరింది."

ఆయన నూనె డబ్బా ఒంచుతూనే ఉన్నారు. చెప్పేశాను కదా అని నా గుండె ఒక్క క్షణం తేలికపడింది కూడా. సిగ్గులేని తేలిక.

"ముంగలికొచ్చి చెప్పు."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చీపురు. "ఎనక నిలబడి చెప్తే ఆయనకెట్ల అందుతది? నా చెవులకు చెప్తే ఏం లాభం? ముంగలికొచ్చి చెప్పు."

వెళ్ళాను. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నన్ను చూసి, డబ్బా చూసి, ఆయన ముఖం విప్పారింది. "ప్యాసేనా?" అన్నారు. ఆ విప్పారిన ముఖంలోకి చూస్తూ చెప్పాను.

ఆయన కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి. "ఇంకోసారి చెప్పు," అన్నారు. సరిగ్గా చదవలేదేమో అనుకున్నారు పాపం. ఇంకోసారి చెప్పాను. ఒక్కొక్క మాటే, మెల్లగా, అందేలా.

గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నారు. ఒక్కొక్క వేలూ.

"మీకు ముందే తెలిసే ఉంటుందనుకున్నానండి," అన్నాను.

"ఎట్ల తెలుస్తది?" అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఆ దినం నువ్వు తల దించితివి. చిన్నపిల్ల, పరీక్ష ఉంది, భయపడ్డదిలే అనుకున్న. ఇంటిదానికి గదే చెప్పిన. నాకేం తెలుసు? నీ మొహం నమ్మి తీగలు బిగించినోణ్ణి నేను."

లేచి నిలబడ్డారు. మోకాళ్ళు పట్టేశాయి కాబోలు, పియానో పట్టుకుని లేచారు. కిటికీ వైపు తిరిగారు. ఆయన అటు తిరిగాక ఇక ఏ మాటా చేరదని నాకు తెలుసు. మిఠాయి డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే లేచాను.

"రేపు రాకు," అన్నారు కిటికీతో.

గుమ్మందాకా వచ్చేశాను. చెప్పులో ఒక కాలు పెట్టాను.

"ఎల్లుండి రా. నీ ఎడమ భుజం ఇంక దిగలే."

తర్వాత లింగసుగూరులో ఉద్యోగం వచ్చింది. నెలకొకసారి రాయచూరు వెళ్ళి, ఆయన ఎదురుగా నిలబడి శ్రుతి చేయించేదాన్ని. మానేసిన పిల్లల్లో ముగ్గురు తిరిగొచ్చారు, వాళ్ళలో ఎరువుల దుకాణం ఆయన కూతురు ఒకతి. వాళ్ళ నాన్నని ఒప్పించడానికి నేను మూడుసార్లు ఆ దుకాణం మెట్లెక్కాను. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ ఎల్లుండి మాత్రం, తలుపు తీసినప్పుడు ఆయన భాష అడగలేదు. నన్ను చూడనైనా చూడలేదు. స్టూలు వేసుకున్నారు, చెక్క మీద చెయ్యి పెట్టారు. పాఠమంతా నా భుజాలనే చూశారు, మోచేతులు చూశారు, నడుము చూశారు. ముఖం వైపు మాత్రం ఒక్కసారి కూడా కళ్ళెత్తలేదు. కళ్ళతో వినే మనిషి ముఖం చూడకపోవడమంటే, నాతో మాటలు లేవనడమే. నేను వాయిస్తూ పోయాను. ఆయన భార్య టీ తెచ్చింది. ఒక గ్లాసు ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టి, గుమ్మంలోకి కాక పెరట్లోకి వెళ్ళిపోయింది.

నెమ్మది పాఠం అయిపోయింది. చేతులు ఒళ్ళోకి తెచ్చుకున్నాను. చల్లారిపోయిన టీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి ఆయన కళ్ళు నా భుజం మీంచి మెడకి, మెడ నుంచి గడ్డానికి, అక్కడి నుంచి పెదవులకి వచ్చి ఆగాయి.

"ఏమన్న అంటివా?" అన్నారు.

నేనేమీ అనలేదు. కానీ ఆయన నా నోటికేసి చూస్తున్నారు కాబట్టి, తప్పు చెప్పుకున్న రోజు అనని మాట, క్షమించమని, అప్పుడు అన్నాను.